పందుల డబ్బాలో ఎనిమిది పాటలు

పోయిన చలికాలం నిజామాబాద్ కంఠేశ్వర్‌లోని గొంతు డాక్టరు నా ముక్కులోంచి సన్నటి గొట్టం దించి, టీవీ తెర మీద నా గొంతు నాకే చూపించాడు. రెండు తెల్లటి పొరలు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉన్నాయి. వాటి అంచుల మీద ఎదురెదురుగా రెండు బుడిపెలు. తెర మీద జొన్నగింజలంత కనిపించాయి.

"ఏం పని జేస్తవు తమ్మీ?" అన్నాడు గొట్టం బయటికి తీస్తూ.

"ఫ్లెక్సీలు ప్రింట్ కొట్టే దుకాణంల జేస్త సార్."

"గా పనికి గొంతు గిట్ల గాదు. గొంతుతోని ఏం జేస్తవు?"

హెవీ మెటల్ బ్యాండులో పాడతానని చెప్పాను. ఆయనకు అర్థం కాలేదు. ఫోన్ తీసి అరనిమిషం వినిపించాను. పొట్టలోంచి గాలి తోడి, గొంతును గరగరలాడిస్తూ అరిచే పాట అది. బయట కూర్చున్న పేషెంట్లలో ఎవరో లేచి తలుపు సందులోంచి తొంగి చూశారు. డాక్టరు ఫోన్ వెనక్కి ఇచ్చాడు.

"ఇయ్యాల్టి సంది నలభై దినాలు ఒక్క మాట మాట్లాడొద్దు. గుసగుస గూడ వద్దు, గుసగుస ఇంకా చెడ్డది. ఇంగ గిట్ల అరుసుడు అంటవా, ఒక్కసారి అరిసినా గా బుడిప పగిలి నెత్తురొస్తది. మామూలు మాట మిగుల్తదేమో. గిది మాత్రం మిగులది."

తల ఊపాను. అంతకుముందు ఆయనకు చెప్పిన ఆ నాలుగు ముక్కలే చివరి మాటలన్నమాట. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. నా నోరు ఎప్పుడూ మంచిది కాదు. కోపం ముక్కు మీదే ఉంటుంది, దుకాణంలో ఫ్లెక్సీ మీద పేరు తప్పు పడితే ఓనరు కంటే ముందు నేనే అరుస్తాను. అలాంటివాణ్ణి నలభై రోజులు మూగవాణ్ణి చేసి పంపించాడు.

నిజం చెప్పాలంటే అప్పటికి నేను పెద్దగా భయపడలేదు. పని అయిపోయిందన్న ధీమా. మా మొదటి ఆల్బమ్‌కు పాడాల్సినదంతా నేను పాడేశాను. ఎనిమిది పాటలు, మొత్తం ఒక మెమరీ కార్డులో ఉన్నాయి. గొంతు పోతే పోయింది, పాట మిగిలింది అనుకుంటూ క్లినిక్ మెట్లు దిగాను. ఇప్పుడు తలుచుకుంటే నన్ను నేనే తిట్టుకుంటాను.

మేం నలుగురం. డ్రమ్ములు కొట్టేవాడు పెళ్ళి బ్యాండులో కొడతాడు, బేస్ వాయించేవాడు కాలేజీలో చదువుతున్నాడు. గిటారు వాయించేది మా అందరికంటే పెద్దవాడు. అతన్ని భాయ్ అంటాం. నిజామాబాద్‌లో తాతల నాటి నుంచి ఇత్తడి గిన్నెలకు కళాయి పెట్టిన ఇల్లు వాళ్ళది. ఇప్పుడు గిన్నెలకు కళాయి పెట్టించేవాళ్ళు లేరు గనక భాయ్ మిక్సీలు, ఆంప్లిఫయర్లు బాగు చేస్తాడు. బ్యాండు అతనిదే. ఆరేళ్ళు మమ్మల్ని తిట్టి, బతిమాలి, ఒక దగ్గర కూర్చోబెట్టింది అతనే. ఆల్బమ్ పేరు 'పిప్పి'. రసం పిండుకున్నాక చెరుకు ఏమవుతుందో అదీ పేరు. చెరుకే బతుకైన బోధన్ చుట్టుపక్కల పుట్టినవాడికి ఆ మాట విడమరిచి చెప్పక్కర్లేదు.

డ్రమ్ములు, గిటార్లు పట్నంలో బతుకమ్మ పాటలు రికార్డు చేసే ఒక మేడ మీది స్టూడియోలో అయిపోయాయి. నా వంతు వచ్చి మొదటి అరుపు అరవగానే కింది వాటాలో ఉండే ముసలావిడ పైకి పరుగెత్తుకొచ్చింది, ఎవరిని చంపుతున్నారని. స్టూడియో ఆయన చేతులు జోడించాడు. "వాయింపుడు ఎంతన్న వాయించుండ్రి. గీ గొంతు మాత్రం నా దగ్గర వద్దు" అన్నాడు.

అందుకని ఊరికి పోయాను. బోధన్ దాటి మంజీర వైపు పోతే మా ఊరు. మా పొలంలో మోటరు గది ఉంది, నాలుగు గోడలు, ఒక రేకు. లోపల గోడలకు గోనెసంచులు కొట్టి, వాటి మీద మా అమ్మ, మేం అవ్వ అంటాం, కుట్టిన బొంతలు వేలాడదీశాను. చెవుల్లో ఫోన్ పెట్టుకుని గిటారు వింటూ, భాయ్ ఇచ్చిన చిన్న రికార్డరు ముందు నిలబడి పదకొండు రోజులు అరిచాను. గొంతు మండితే ఇంత చెరుకు రసం తాగడం, మళ్ళీ అరవడం. రసం గొంతుకు మంచిదని ఎవరు చెప్పారో తెలియదు, నేనే అనుకున్నాను. ఉన్న అడ్డంకల్లా మోటరు. పాట మధ్యలో కరెంటు వస్తే దానంతటదే టక్కుమని మొదలయ్యేది. రెండో రోజు బాపు వచ్చి మీట కిందికి దించేశాడు.

"నీ ఒర్లుడు అయ్యేదాంక మోటరు పెట్ట. మక్కసేనుకు పొద్దుగూకినంక పారిస్త" అన్నాడు.

నా పాట గురించి మా బాపు అన్న మంచి మాట అంటే అదొక్కటే. మిగతావన్నీ "ఎందుకురా గొంతు సింపుకుంటవు" అన్న రకమే. ఆ పదకొండు రోజులూ ఆయన చీకట్లో నీళ్ళు పారించుకున్నాడు. నేను అది పట్టించుకున్నట్టు కూడా కనపడలేదు.

పని అయ్యాక కార్డు తీసి ఒక అగ్గిపెట్టెలో పెట్టి, ఆ అగ్గిపెట్టెను మా ఇంటి దేవుని గూట్లో పెట్టాను. మా ఇళ్ళల్లో పోకూడనిది ఏదైనా ఆ గూట్లోకే పోతుంది. పట్టా పాస్‌బుక్కు, అవ్వ కమ్మలు, ఆస్పత్రి కాగితాలు, అన్నీ అక్కడే, దేవుడి పటం వెనక. నిజామాబాద్‌లో నా రూములో ఇద్దరితో కలిసి ఉంటాను, పెట్టిన దగ్గర పెట్టింది ఉండదు. నాకు లాప్‌టాప్ లేదు. ఇంకో దాంట్లోకి ఎక్కించి పెట్టుకోవాలన్న ఆలోచన రానే లేదు. గూట్లో పెట్టినది పోతుందని మా వంశంలో ఎవరూ అనుకుని ఉండరు.

క్లినిక్ బయట నిలబడి భాయ్‌కి మెసేజ్ పెట్టాను, డాక్టరు మాట్లాడొద్దన్నాడని. వెంటనే జవాబు వచ్చింది. "మంచిది, కొన్ని రోజులన్న మా చెవులు బతుకుతయ్. కార్డు తెచ్చుకోని రాత్రికల్లా రా. పొద్దున బస్సుకు నేను పుణె పోవాలె. ఆయన మనకు ఇచ్చింది నాలుగు రోజులే. గవి దాటితే ఎండాకాలం అయినంకనే అన్నడు." పుణెలో పాటలన్నీ కలిపి సరిచేసే మనిషి కోసం భాయ్ ఏడాది తిరిగాడు. నేను "పోతున్న, తెస్తున్న" అని రాసి బోధన్ బస్సెక్కాను.

ఇంటికి పోయేసరికి మధ్యాహ్నం దాటింది. ఇంట్లో ఎవరూ లేరు. అవ్వ ముప్కాల్‌లో మా అక్క దగ్గరుంది, అక్క కాన్పు అయి వారమైంది. చెప్పులు విప్పి నేరుగా గూడు దగ్గరికి పోయాను. అగ్గిపెట్టె ఉంది. తెరిచాను. ఖాళీగా ఉంది.

పటం తీశాను, పాస్‌బుక్కు దులిపాను, కమ్మల పొట్లం విప్పాను. గూడు అడుగున వేసిన పాత కాగితం కూడా తీసి చూశాను. కిందంతా వెతికాను, చీపురుతో మంచం కింద ఊడ్చాను. ఏమీ లేదు. డాక్టరు మాట అప్పుడు గుర్తొచ్చింది. మళ్ళీ పాడే గొంతు లేదు. ఆ కార్డు లేకపోతే ఆ ఎనిమిది పాటలు ఈ భూమ్మీద ఎక్కడా లేవు. ఆరేళ్ళ భాయ్ కష్టం, మా నలుగురి కష్టం నా అగ్గిపెట్టెలో పోయింది.

అప్పుడే బాపు కొట్టంలోంచి వచ్చాడు. "గొంతు సూపించుకున్నవా? ఏమన్నడు డాక్టరు?"

నోటి మీద వేలు పెట్టుకుని, అడ్డంగా తల ఊపాను. బాపుకు చదువు రాదు. ఫోన్‌లో రాసి చూపిస్తే లాభం లేదు. అగ్గిపెట్టె తెరిచి ఆయన ముందు పట్టి, ఏదీ అన్నట్టు చెయ్యి తిప్పాను.

"అగ్గిపుల్లలా? పొయ్యి దగ్గర ఇంకోటున్నది, తీస్కో."

కాదన్నాను. చూపుడు వేలు గోరు చూపించి, ఇంత చిన్నది అన్నాను.

"ముల్లు గుచ్చుకున్నదా?"

నాకు తల పగిలిపోయేంత కోపం వచ్చింది. ఇంకో రోజైతే ఆ వాకిలంతా ఎగిరిపోయేలా అరిచేవాణ్ణి. ఇప్పుడు పళ్ళు బిగబట్టి, ఇంట్లోనే వదిలిపోయిన రికార్డరు తెచ్చి, దాని పక్కన ఉండే సందు తెరిచి, ఖాళీగా ఉన్న ఆ చోటు చూపించాను. బాపు వంగి చూశాడు. ఆయన ముఖం వెలిగింది.

"గా కార్డా! గది పందుల డబ్బల పెట్టిన గదరా."

రికార్డరును అరుగు మీద పెట్టేశాను.

మా దిక్కున చెరుకు వేసినవాడికి అడవిపందులతో తప్పని తిప్పలు. గుంపుగా దిగితే తెల్లారేసరికి ఎకరం నేల మీద పడుకుంటుంది. ఒకప్పుడు మంచె మీద కూర్చుని డబ్బాలు కొట్టి అరిచేవాళ్ళు. ఇప్పుడు పసుప్పచ్చ మైకు డబ్బాలు వచ్చాయి. పైన సోలార్ పలక ఉంటుంది, చీకటి పడగానే దానంతటదే మొదలై, కార్డులో ఏ చప్పుడు ఉంటే ఆ చప్పుడు చేస్తుంది. కుక్కల అరుపులు, పులి గాండ్రింపు, మనుషుల కేకలు, మొబైల్ షాపువాళ్ళు ఏది కావాలంటే అది నింపి ఇస్తారు. బాపు ఆ డబ్బా కొని ఒక కార్డు తెచ్చిపెట్టమని నన్ను రెండుసార్లు అడిగాడు. నేను రెండుసార్లూ మరిచిపోయాను.

"గూట్ల కార్డు సూసి, కొడుకు తెచ్చి పెట్టిండు, సెప్పుడు మర్శిండు అనుకున్న" అన్నాడు బాపు. "పులి అరుపు నింపిద్దమని బోధన్ల మొబైల్ షాపుకు వట్కపోయిన. ఆ పిలగాడు పెట్టి ఇని నవ్విండు. కాకా, దీంట్ల ముందుగాలనే పులి ఉన్నది, నేను నింపుడెందుకు అన్నడు. నేను ఇన్న. నీ గొంతే."

నా వైపు తిరిగాడు. ఎన్నడూ లేనిది, నవ్వాడు.

"గప్పుడు సమజైంది నాకు. పదకొండు దినాలు మోటరు గదిల నువ్వు ఒర్లింది నా చెరుకు కోసమే అని. పట్నంల పాటలు పాడుతనని ఊరికె అన్నవు గని. పన్నెండు దినాలు పెట్టిన బిడ్డ, ఒక్క పంది తొక్కలే. ఒక్కటంటె ఒక్కటి."

అప్పటిదాకా ఉన్న కోపం ఎటు పోయిందో తెలియదు. సిగ్గేసింది. ఆయన రెండుసార్లు అడిగిన కార్డు నేను తేలేదు, ఆయన కోసం ఒక్క అరుపు కూడా అరవలేదు. కాదు బాపూ అది నా ఆల్బమ్ అని చెప్పడానికి చేతులు లేవలేదు. అయినా నాకు ఆ కార్డు కావాలి, సాయంత్రంలోపల కావాలి. రెండు చేతులూ జోడించి, రికార్డరు సందు చూపించి, ఇవ్వు అన్నాను.

"ఇప్పుడా? గది మన కాడ లేదు. మన చెరుకు మొన్ననే కోసిరి గదా. కాక చెరుకు మిగిలి ఉండె, ఆయనకు ఇచ్చిన. ఇయ్యాల ఆయనది గూడ కోత అయిపోతది. పొద్దుగూకంగ తెస్తనన్న."

కాక అంటే బాపుకు చిన్నాయన కొడుకు, కాలువ అవతల రెండెకరాలు చేస్తాడు. బాపు చెయ్యి పట్టుకుని బైకు దగ్గరికి లాక్కుపోయాను. జేబులో ఫోన్ మోగింది. భాయ్. నేను మాట్లాడలేనని తెలిసి కూడా ఆదుర్దా పట్టలేక చేస్తున్నాడు. ఎత్తలేదు. మెసేజ్ వచ్చింది. "బయల్దేరినవా?" "బస్సుల ఉన్న" అని అబద్ధం రాశాను.

కాలువ గట్టు మీద చెరుకు ట్రాక్టరు ఒకటి ఎదురొచ్చి దారి మూసేసింది. వెనక్కి పోదామంటే వేరే దారి లేదు. అది వెనక టైరు జారి ఆగిపోయింది, డ్రైవరు దిగి ఎవరికో ఫోన్ చేస్తున్నాడు. బాపు నెమ్మదిగా బీడీ ముట్టించాడు. సూర్యుడు దిగుతున్నాడు. అరగంటకు ఇంకో ట్రాక్టరు వచ్చి దాన్ని లాగింది.

మేం కాక పొలం తూర్పు గట్టుకు చేరేసరికి కోత అయిపోయింది. చెరుకంతా బండ్లెక్కి పోయింది. కోత కోసిన ముఠా, మహారాష్ట్ర దిక్కు నుంచి వచ్చినవాళ్ళు, దక్షిణం గట్టున సామాన్లు సర్దుకుంటున్నారు. పొలమంతా మోకాలి లోతున ఎండాకు పరుచుకుని ఉంది. అక్కడక్కడ నరికి పడేసిన చెరుకు కొసల కుప్పలు. మధ్యలో ఒక గుంజ, దాని మీద పసుప్పచ్చ డబ్బా. దాన్ని చూడగానే నాకు ప్రాణం లేచి వచ్చింది.

బాపు దిగి పంచె ఎగ్గట్టాడు. "నువ్వు బండి వట్కో. ఎండాకు జారుతది. నేను తెస్త" అని లోపలికి నడిచాడు.

ఆయన గుంజ దగ్గరికి చేరి, డబ్బాకు కట్టిన తీగ విప్పడం మొదలుపెట్టాడు. ముఖం నా వైపే ఉంది. అప్పుడు ఆయన వెనకాల, పడమటి గట్టు మీద కాక కనిపించాడు. తల దించుకుని, గట్టు వెంట నడుస్తున్నాడు. చేతిలో ఎండాకు కట్ట ఉంది, అది మండుతోంది. దాన్ని నేలకు రాస్తూ పోతున్నాడు. ఆయన పోయిన దారంతా మంట లేస్తోంది.

కోత అయ్యాక ఆకు కాల్చడం మా దగ్గర మామూలే. కాల్చొద్దని ఎంత చెప్పినా కాలుస్తారు. బాపు సాయంత్రం వచ్చి డబ్బా తీసుకుపోతానని చెప్పాడు గనక తీసుకుపోయే ఉంటాడని కాక అనుకున్నాడట. గాలి పడమటి నుంచి ఉంది.

నేను రెండు చేతులూ ఎత్తి ఊపాను. వెనక్కి చూడు, వెనక్కి చూడు అని వేలు చూపించాను. బాపు తలెత్తి నన్ను చూశాడు. మధ్యాహ్నం నుంచి నేను చేసిన సైగ ఒక్కటన్నా ఆయనకు అర్థమైందా! తొందరపెడుతున్నానని అనుకున్నాడు. చెయ్యెత్తి, ఆగు, వస్తున్న అన్నట్టు ఊపి, మళ్ళీ తీగ మీదికి వంగాడు.

ఒక్క నిమిషం ముందు నన్ను ఎవరైనా అడిగితే ఎప్పుడు అరవాలో ఎప్పుడు అరవకూడదో లెక్కలు చెప్పేవాణ్ణి. కార్డు కాలిపోతుంటే అరుస్తావా అంటే ఆలోచించేవాణ్ణి. ఇప్పుడు ఆలోచించలేదు. బండి వదిలేసి ఆకులోకి దూకి, పొట్టలో ఉన్న గాలంతా కూడగట్టి అరిచాను.

"బాపూ!"

సరిగ్గా అప్పుడే డబ్బా మొదలైంది. పొద్దుగూకింది గనక, దాని పని అది చేసింది. నా ఎనిమిది పాటల్లో మొదటిది, వాయిద్యాలు లేకుండా ఉత్త గొంతు, ఆ పొలమంతా నిండేలా గర్జించింది. బాపు చెవికి జానెడు దూరంలో నా గొంతే నా గొంతును మింగేసింది. నేను మళ్ళీ అరిచాను. గొంతులో ఏదో చిట్లింది, నోట్లోకి ఉప్పగా వచ్చింది. మూడోసారి నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. డబ్బా మాత్రం అరుస్తూనే ఉంది.

పరుగెత్తాను. ఎండాకు కాళ్ళకు చుట్టుకుంటోంది, కోసిన మొద్దులు పాదాల్లో గుచ్చుకుంటున్నాయి. రెండుసార్లు పడ్డాను. దక్షిణం గట్టున ఆడవాళ్ళ కేకలు వినిపించాయి. "ఆత్ మాణూస్ ఆహే! ఆత్ మాణూస్ ఆహే!" లోపల మనిషి ఉన్నాడని. పొగలోంచి వస్తున్న నా పాట విని, మనిషి కాలిపోతున్నాడనుకున్నారు వాళ్ళు. పదిమంది పచ్చి కొసలు చేతబట్టుకుని మంట మీదికి ఉరికి బాదడం మొదలుపెట్టారు. కాక చేతిలోది పారేసి తల మీద కొట్టుకుంటూ ఎటు పోవాలో తెలియక గట్టు మీదే తిరుగుతున్నాడు.

నేను చేరేసరికి బాపుకు వేడి తగిలి అప్పుడే వెనక్కి తిరిగాడు. మంట పది అడుగుల్లో ఉంది. నేను ఆయన రెక్క పట్టి లాగితే, ఆయన డబ్బాను లాగుతున్నాడు. వదిలెయ్ అని నోరు ఆడించాను, చప్పుడు లేదు. ఆయన తీగతో సహా గుంజను ఊడబెరికి, డబ్బాను చంకలో ఇరికించుకుని, అప్పుడు కదిలాడు. ముఠావాళ్ళు మంట నరికి వదిలిన సందులోంచి ఇద్దరం గట్టెక్కాం. బాపు కుడి మడమ కాలింది, పంచె అంచు కాలింది, మీసం ఒక పక్క మాడింది. చంకలో డబ్బా ఇంకా నా గొంతుతో అరుస్తూనే ఉంది. ఒక ముఠా ఆడమనిషి దాన్ని చూసి, నన్ను చూసి, మరాఠీలో ఏదో తిట్టింది. ఆ తిట్టుకు మేం తగినవాళ్ళమే.

కాక బాపును పట్టుకుని ఏడ్చాడు, ఏడుస్తూనే తిట్టాడు. బాపు నా చేతిలో డబ్బా పెట్టి, "తీస్కో, నీ కార్డు. సల్లగున్నది, కాలలే" అన్నాడు. నేను గట్టు పక్కకు పోయి ఉమ్మేశాను. ఎర్రగా పడింది. దాని మీద కాలితో మట్టి కప్పాను, ఆయన చూడకుండా.

భాయ్‌కి ఫోన్ చేసింది బాపే. మేం బాపును బోధన్ ఆస్పత్రికి చేర్చిన గంటన్నరలో భాయ్ బైకు మీద వచ్చాడు. ఆస్పత్రి వరండాలో నన్ను తిట్టడానికి నోరు తెరిచి, బాపు కాలి కట్టు చూసి ఆగిపోయాడు. కార్డు తీసుకుని చొక్కా లోపలి జేబులో పెట్టుకుని, పిన్నీసు పెట్టాడు.

"ఇంకోసారి రికార్డు చేద్దాంలే అనే మాట లేదు గదా ఇగ?" అన్నాడు మెల్లగా.

లేదని తల ఊపాను. అతను నా భుజం మీద ఒక చెయ్యి వేసి లేచాడు. పొద్దున బస్సుకు పుణె పోయాడు.

డాక్టరు తర్వాత మళ్ళీ గొట్టం దించి చూసి, "ఎన్ని మాటలు మాట్లాడినవు?" అని అడిగాడు. రెండు వేళ్ళు చూపించాను. "రెండు మాటలకే గింతయిందా" అన్నాడు. నిజానికి రెండూ ఒకటే మాట. నలభై రోజులు నాలుగు నెలలయ్యాయి. ఇప్పుడు మాట్లాడతాను, సన్నగా, గాలి కలిసిన గొంతుతో. బస్సులో కండక్టరుకు ఊరు పేరు రెండుసార్లు చెప్పాలి. దుకాణంలో పేరు తప్పు పడితే ఇప్పుడు నా వంతు తిట్లు కూడా ఓనరే తిడుతున్నాడు. ఆ గర్జన మాత్రం పోయింది. పోయినందుకు ఏడ్చాను, అది దాచుకోవడం ఎందుకు.

'పిప్పి' బయటికొచ్చింది. ఎక్కడెక్కడి వాళ్ళో విని గొంతు గురించి రాస్తుంటారు. భాయ్ నాకు పంపిస్తాడు. రెండో ఆల్బమ్‌కు గొంతు కోసం వెతకమని నేనే చెప్పాను. వెతుకుతున్నాడు, ఎవరూ నచ్చడం లేదంటాడు. మాటలు నేనే రాస్తున్నాను.

ఆ పాటల నకలు ఒకటి బాపుకు కొత్త కార్డులో వేసి ఇచ్చాను. ఈసారి ఆయన అడగకముందే తెచ్చాను. కాక కూడా ఒకటి అడిగి తీసుకున్నాడు. మొన్న ఊరికి పోయినప్పుడు సాయంత్రం పొలం గట్టు మీద బాపు పక్కన కూర్చున్నాను. చెరుకు తల ఎత్తు పెరిగింది. చీకటి పడింది, డబ్బా మొదలైంది. కాలువ అవతల కాకది కూడా మొదలైంది. బాపు లేచి, కుంటుతూ పోయి మా డబ్బా మీట నొక్కి ఆపేశాడు. తిరిగొచ్చి కూర్చున్నాడు.

"గా దినం నువ్వు నన్ను పిలిసినవట. కాక సెప్పిండు. ముఠోళ్ళు గూడ ఇన్నరట. నాకు ఇనపడలే."

అవునని తల ఊపాను.

"ఇప్పుడు పిలువు."

నాకు సిగ్గుగా అనిపించింది. కాలువ అవతల నా పాత గొంతు గర్జిస్తోంది. దాని ముందు ఇది ఏపాటి. అయినా పిలిచాను.

"బాపూ."

చెరుకాకు కదిలినంత చప్పుడు కూడా కాలేదు. ఆయన తల వంచి, చెవి నా వైపు పెట్టి ఉన్నాడు.

"ఇనపడ్డది" అన్నాడు.

పందులొస్తాయని లేచి పోయి డబ్బా మళ్ళీ పెట్టాడు.